స్లాబు కింద పడక

మా రోజుల్లో పిల్లలకంటూ గది ఉండేది కాదు. ఇది గొప్పగా చెప్పుకునే సంగతేం కాదు. పదో తరగతి చదివే ఆడపిల్ల బట్టలు మార్చుకోవడానికి చాటు వెతుక్కున్న ఇళ్లు సూర్యాపేటలో నేనెన్నో చూశాను. ఇప్పుడు పిల్లలకు గది ఇస్తున్నారు, సంతోషం. కానీ ఏ పాటి గది? 150 గజాల జాగాలో సోఫాలకూ టీవీకీ పెద్ద హాలు, ముందు కారుకు చోటు, వీధిలో వాళ్లు చూడ్డానికి ఎలివేషన్. అవన్నీ పోగా మిగిలిన మూల, 10 అడుగులకు 10 అడుగులు, ఇంటర్ చదివే పిల్లకు. మంచం వేస్తే బల్ల పట్టదు, బల్ల వేస్తే బీరువా పట్టదు. అప్పుడు ఫోన్లో బొమ్మ చూపిస్తారు: పైన పడక, కింద చదువుకునే బల్ల, పక్కన నిచ్చెన. కోదాడలోనో మిర్యాలగూడలోనో వెల్డింగ్ షాపుకు పోయి అడ్వాన్సు ఇచ్చేస్తారు. టేపు పట్టి గది కొలిచేవాడు మాత్రం ఒక్కడూ కనబడడు.

నేను కొలిచి చెబుతాను. మన ఇళ్లల్లో స్లాబు ఎత్తు సుమారు 10 అడుగులు. కింద కుర్చీలో కూర్చుని చదువుకోవాలంటే 5 అడుగులు ఖాళీ ఉండాలి. ఫ్రేమూ పరుపూ కలిసి ఇంకో అడుగు. అంటే పిల్ల పడుకునేది 6 అడుగుల ఎత్తున. ఫ్యాను రెక్కలు స్లాబుకు అడుగు కింద తిరుగుతాయి, పరుపుకు 3 అడుగుల పైన. 16 ఏళ్ల పిల్ల లేచి కూర్చుంటే తల అక్కడికే వస్తుంది. ఇక పక్కకు చూడండి. 48 అంగుళాల ఫ్యాను గది నడుమ ఉంటే రెక్క కొసకూ గోడకూ మధ్య మిగిలేది 3 అడుగులు. మంచం వెడల్పూ అంతే. నిద్రమత్తులో ఒళ్లు విరుచుకుంటే చెయ్యి ఎక్కడికి పోతుంది? ఆ మాట తలుచుకుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

పోనీ ఇంకో గోడకు వేద్దామంటే అక్కడ సజ్జ. తలుపు ఎత్తున, 7 అడుగుల దగ్గర గోడ నుంచి ముందుకు వచ్చి ఉంటుంది, నిండా ఇత్తడి బిందెలు, పాత సూట్‌కేసులు. దాని కింద పరుపు వేస్తే మిగిలేది అడుగు సందు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఎండ. ఆ బొమ్మలోని పడకలు చలిదేశాల ఇళ్లకు పుట్టినవి. అక్కడ వేడి పైకి చేరితే పడుకున్నవాడికి హాయి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పగలంతా కాలిన స్లాబు రాత్రంతా ఆ సెగను కిందికి వదులుతుంది. కిటికీలో పెట్టిన కూలర్ గాలి కింద బల్లకు తగులుతుంది, పైన పిల్లకు తగలదు. దోమతెర కడదామంటే ఫ్యాను అడ్డం. అర్ధరాత్రి కరెంటు పోతే చీకట్లో నిచ్చెన దిగాలి.

ఎత్తున పడుకోవడం మాకు తెలియని పని కాదు. జొన్నచేలల్లో నాలుగు గుంజలు పాతి మంచె కట్టేవాళ్లు. పగలు పిట్టల మీదికి వడిసెల, రాత్రి పందుల కాపలా. ఈడొచ్చిన పిల్లలు అక్కడే పడుకునేవాళ్లు. నాలుగు దిక్కుల గాలి, పైన ఏ కప్పూ లేదు. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ వైపు జొన్న పోయి వరి వచ్చింది, మంచెలూ పోయాయి. ఊళ్లో ఉన్నవాళ్లకు డాబా ఉండేది. సాయంత్రం నీళ్లు చల్లి, చల్లారాక పక్కలు వేసేవాళ్లం. ఇప్పుడు డాబా మీద నీళ్ల ట్యాంకు, పక్కింటి కిటికీలు.

జాగా మాకూ తక్కువే. మేం చేసింది ఒకటే: పొద్దున లేవగానే పక్క చుట్టి, నవారు మంచం గోడకు నిలబెట్టడం. ఒక్క గదిలో వంట తప్ప అన్నీ జరిగేవి. మంచం లేచిందంటే నేల మొత్తం పిల్లలదే. ఆ అలవాటు ఎందుకు పోయిందో నాకు అర్థం కాదు. ఇప్పుడు మడత మంచాలు దొరుకుతున్నాయి, గోడకు కీళ్లతో బిగించి పైకి లేపే మంచం మన వడ్రంగులే చేస్తారు. కింద సొరుగులు పెట్టిన మామూలు మంచమైనా సగం బీరువా పని చేస్తుంది.

ఎత్తు పడక అసలు వద్దే వద్దని నేననను. పైన ఇంకో అంతస్తు ఉండి స్లాబుకు నేరుగా ఎండ తగలకపోతే, ఎత్తు 11 అడుగులుంటే, సీలింగ్ ఫ్యాను తీసేసి గోడ ఫ్యాను పెడితే, ఆ పడక వేయొచ్చు. పై అంతస్తు లేనివాళ్లు డాబా మీద తెల్ల సున్నం కొట్టించండి. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేదీ కప్పు వేడిని తగ్గించుకోమనే. పక్కన కమ్మీ పరుపు మీద నుంచి కనీసం 5 అంగుళాలు లేవాలని, ఆరేళ్ల లోపు పిల్లల్ని పైన పడుకోబెట్టొద్దని అమెరికా వాళ్లు చెబుతారు. అక్క ఎక్కితే తమ్ముడూ ఎక్కుతాడు కాబట్టి అది మనకూ పనికొచ్చే మాటే.

అడ్వాన్సు ఇచ్చేముందు ఒక పని చేయండి. మే నెలలో రాత్రి 10 గంటలకు ఫ్యాను ఆపి, ఆ గదిలో నిచ్చెనెక్కి స్లాబుకు అరచెయ్యి ఆనించండి. తర్వాత పిల్లను కూడా ఎక్కించి ఆనించమనండి. అక్కడ పడుకుంటావా బిడ్డా అని అప్పుడడగండి, ఫోన్లో బొమ్మ చూపించి కాదు.