గాలిమోటారుకు సర్కారు తైలం

మెట్ట రైతు ఇక మిరప పీకేసి విమానాల కంపెనీ పెట్టుకోవడం మేలు. జగ్గయ్యపేట, నందిగామ నల్లరేగళ్లలో అప్పు తెచ్చి తోట వేయడం, ధర పడ్డాక గుంటూరు యార్డులో టిక్కీల పక్కన బిక్కమొహం వేసుకుని కూర్చోవడం మోటు పద్ధతి. 2025 ఫిబ్రవరిలో గొంతు చించుకుంటే తప్ప కేంద్రం నోట క్వింటాకు 11,781 రూపాయలన్న అంకె రాలేదు. పత్తిదీ అదే రాత. తేమ 12 శాతం దాటిందంటే సీసీఐ కేంద్రం నుంచి బండి వెనక్కి. అప్పుల్లో నానిపోయిన విమాన కంపెనీలకు మాత్రం తేమ చూసే నాథుడు లేడు.

కింగ్‌ఫిషర్‌నే చూడండి. 2011లో బజారులో 40 రూపాయలకు దొరికే దాని షేరును స్టేట్ బ్యాంకు, దాని వెంట తక్కిన బ్యాంకులు 64 రూపాయల 48 పైసల లెక్కన బాకీ కింద జమకట్టుకున్నాయి. తాలుకాయకు మేలురకం కన్నా ఎక్కువ ధర కట్టిన కమీషన్ వ్యాపారిని యార్డు పుట్టాక ఎవరైనా చూశారా? మరుసటేడు అక్టోబరుకల్లా విమానాలు నేల మీదే నిలిచిపోయాయి. కంపెనీ పేరు కూడా బ్యాంకుల దగ్గర తాకట్టే. 2016 ఏప్రిల్‌లో ఆ పేరును 366 కోట్ల 70 లక్షలకు వేలం పెడితే పాట పాడినవాడు లేడు. ఓనరు గారు, అప్పటికింకా రాజ్యసభ సభ్యులు, మార్చి 2నే దేశం దాటారు.

ఎయిరిండియాది వేరే వైభవం. దాన్ని ఒడ్డెక్కిస్తామని 2012లో 30 వేల కోట్ల పథకం వేశారు. ఒడ్డెక్కిందేమో గానీ, 2021 ఆగస్టు నాటికి అప్పు 61,562 కోట్లు. టాటాలకు అమ్మినప్పుడు వాళ్లు నెత్తికెత్తుకున్నది 15,300 కోట్లు. మిగిలిన 46,262 కోట్లను ఒక సర్కారు కంపెనీ ఖాతాలోకి దొర్లించారు. భూములూ భవనాలూ అమ్మి కొంత తీరుస్తారట, సంతోషం. ఆ పైన మిగిలేదానికి పూచీదార్లెవరంటారా? పెనుగంచిప్రోలు తిరనాళ్లకు బస్సులో నిలబడి పోయేవాళ్లు కూడా ఆ జాబితాలో ఉన్నారు.

కరోనా విమాన కంపెనీలు తెచ్చింది కాదు కదా అంటారు. ఒప్పుకుంటాను. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశంలో ప్రయాణికుల విమానం లేవలేదు. ఆర్టీసీ బస్సూ కదల్లేదు, కిళ్లీ కొట్టూ తెరవలేదు. చేతిలో నాలుగు డబ్బులు దాచుకున్న ఇండిగో నష్టపోయినా నిలబడింది. ముందే పీకల్లోతు మునిగినవాళ్లకు కరోనా మంచి సాకు దొరికింది. 2022 అక్టోబరులో అత్యవసర రుణ హామీ పథకం కింద ఒక్కో విమాన కంపెనీకిచ్చే అప్పు పరిమితిని 400 కోట్ల నుంచి 1,500 కోట్లకు పెంచారు. తాకట్టు అక్కర్లేదు, పూచీ కేంద్రానిదే. ఇక్కడ కౌలు రైతు సాగు హక్కు కార్డు కోసం భూమి యజమాని సంతకం పెట్టించుకోవాలంటే చెప్పులరగాలి.

పరిమితి పెంచి ఏడు నెలలైనా నిండకముందే, ఆ పథకం కింద అప్పు తీసుకున్న గో ఫస్ట్ 2023 మే 2న దివాలా పిటిషన్ వేసింది. పాపమంతా ఇంజన్లివ్వని ప్రాట్ అండ్ విట్నీదేనంది. కావచ్చు. కానీ ముందే టికెట్టు కొనుక్కున్నవాళ్లు ఏ ఇంజన్ చెడగొట్టారు? ఎక్కని విమానానికి కట్టిన సొమ్ము కోసం వాళ్లు అప్పులవాళ్ల వరసలో చివర నిలబడాల్సి వచ్చింది. నిజానికి కంపెనీకి వడ్డీ లేకుండా అప్పిచ్చింది వాళ్లే.

కంపెనీ చస్తే విమానయానమే చస్తుందని బెదిరింపు ఒకటి. గన్నవరాన్ని అడగండి. ఎయిర్ కోస్టా అచ్చంగా బెజవాడ కంపెనీ. 2013 అక్టోబరులో ఎగిరింది. ఏడాదైనా నిండకముందే, 2014 ఫిబ్రవరిలో, సింగపూర్ ఎయిర్ షోలో ఎంబ్రాయర్‌కు 50 విమానాలు ఆర్డరిచ్చింది. జాబితా ధర 294 కోట్ల డాలర్లు! చేతిలో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అవీ అద్దెవి. 2017 ఫిబ్రవరి 28న ఆగిపోయింది. అప్పుడు విమానయాన మంత్రి మన విజయనగరం అశోక్ గజపతిరాజు గారే. అయినా ఖజానా తలుపు తెరుచుకోలేదు. మరి గన్నవరం మూతపడిందా? 2018-19లో అక్కడి ప్రయాణికులు పది లక్షలు దాటారు. మధ్యలో రాష్ట్రం ఖాళీ సీట్లకు డబ్బు కట్టి సింగపూర్ విమానం ఎగరేసిన ముచ్చటా ఉంది. 2018 డిసెంబరులో మొదలైంది. మరుసటేడు డబ్బు ఆగింది, విమానమూ ఆగింది.

అందరూ పోయి ఒక్కడే మిగిలితే నెత్తినెక్కుతాడన్న భయం ఉత్తిది కాదు. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయి జనం ఎయిర్‌పోర్టుల్లో పడిగాపులు పడ్డారు. అయితే కొత్తవాళ్లను రానివ్వండి. మునిగినవాడి పాత అప్పు మీద కొత్త అప్పు పోస్తే పోటీ పెరగదు, వడ్డీ పెరుగుతుంది.

తప్పదు, ఇవ్వాల్సిందే అంటారా, జర్మన్లను చూసి ఇవ్వండి. 2020లో లుఫ్తాన్సాకు 900 కోట్ల యూరోల సాయం ప్రకటించి 20 శాతం వాటా రాయించుకున్నారు. 2022లో దాన్ని లాభానికి అమ్ముకుని దులుపుకున్నారు. మనమూ వాటా రాయించుకుందాం, బజారు ధరకే సుమా! టికెట్ల డబ్బు విడి ఖాతాలో పెట్టిద్దాం, సిబ్బంది జీతాలు ముందు ఇప్పిద్దాం. బాకీ తీరేదాకా ఓనరు గారి పాస్‌పోర్టు బ్యాంకు వాళ్ల ఇనప్పెట్టెలో, పంట రుణానికి మన ఆడవాళ్లు కుదువబెట్టిన పుస్తెలతాళ్ల పక్కనే భద్రంగా ఉంటుంది.