నేలను వదలని బంతిని

మైదానంలో ఆడే ఫుట్‌బాల్‌ను రెండు మీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదిలితే మనిషి ఛాతీ దాకా లేస్తుంది. నేను మోకాలి దగ్గరే ఆగిపోతాను. నా లోపలి బ్లాడర్‌లో గాలితో పాటు ఫోమ్ కూడా కూరారు. ఎక్కువ ఎగరకూడదనే నన్ను ఇలా తయారు చేశారు. నేను ఫుట్సాల్ బంతిని. పెద్దవాళ్ళు ఆడే ఫుట్సాల్ బంతి చుట్టుకొలత 62 నుంచి 64 సెంటీమీటర్లు, బరువు 400 నుంచి 440 గ్రాములు ఉండాలి. రెండు మీటర్ల నుంచి పడ్డప్పుడు మొదటిసారి 50 సెంటీమీటర్లకు తగ్గకుండా, 65 దాటకుండా లేవాలి. నేను దానికంటే ఒక సైజు చిన్న. అయిదారేళ్ళ పిల్లల కాళ్ళకు సరిపోతాను. ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారన్నది నేను పట్టించుకోను. గంటసేపట్లో ఎంతమంది పిల్లల పాదాలు నన్ను తాకాయి, ఎంతసేపు నన్ను తమ దగ్గర ఉంచుకున్నాయి అన్నదే నా లెక్క.

పుట్టింది పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో. ప్రపంచంలో చేత్తో కుట్టే ఫుట్‌బాళ్ళలో చాలా భాగం ఆ ఊరివే. అక్కడి కుట్టు కేంద్రంలో ఒకావిడ మోకాళ్ళ మధ్య చెక్క బిగింపు ఒకటి పెట్టుకుని, అందులో రెండు ముక్కలను అంచులు కలిపి నిలబెట్టి, ముందే పొడిచిన చిల్లుల్లోంచి మైనం పూసిన దారాన్ని రెండు సూదులతో ఎదురెదురుగా దూర్చి కుట్టింది. ప్రతి కుట్టుకూ రెండు చేతులూ బారచాచి దారం బిగించాలి. అలా ముప్పై రెండు ముక్కలు. చాలావరకు అయ్యాక నన్ను లోపలి నుంచి బయటికి తిరగేసి, బ్లాడర్ పెట్టి, చివరి కుట్లు బయటికి కనిపించకుండా మూసేసింది. ఆ చివరి ముడి ఎక్కడుందో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

ఆవిడ చిన్నపిల్ల కాకపోవడం నాకు చాలా ముఖ్యం. ఎందుకంటే ఒకప్పుడు ఆ ఊరి చుట్టుపక్కల పల్లెల్లో ఇదే పని ఇళ్ళలో జరిగేది, ఇంట్లో పిల్లలు కూడా సూది పట్టేవాళ్ళు. 1996లో లైఫ్ అనే అమెరికన్ పత్రిక ఆ పిల్లల ఫొటోలు వేసింది. బంతి కొనే దేశాల్లో తల్లిదండ్రులు కలవరపడ్డారు. 1997 ఫిబ్రవరిలో అట్లాంటాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్, సియాల్‌కోట్ వాణిజ్య మండలి కలిసి ఒప్పందం రాసుకున్నాయి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలతో బంతులు కుట్టించకూడదన్నది అందులోని మాట. దాంతో పని ఇళ్ళ నుంచి కుట్టు కేంద్రాలకు కదిలింది. గడప దాటి వెళ్ళడానికి వీల్లేని ఆడవాళ్ళు కొందరు ఆ మార్పులో సంపాదన పోగొట్టుకున్నారు, తర్వాత వాళ్ళ కోసం విడిగా కేంద్రాలు వచ్చాయి. ఈ సంగతి నేను మరిచిపోదలుచుకోలేదు. పిల్లల ఆటకు పుట్టిన వస్తువు పిల్లల బాల్యాన్ని తిని పుట్టకూడదు.

అక్కడి నుంచి ఓడెక్కి అమెరికా చేరి, మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ పక్కనున్న నోవై అనే ఊరికి వచ్చాను. కార్ల కంపెనీల ఇంజనీర్లు ఎక్కువగా ఉండే ఊరు ఇది. జపాన్ కుటుంబాలు చాలా ఉన్నాయి, మన తెలుగు కుటుంబాలు కూడా బాగానే ఉన్నాయి. డిసెంబర్‌లో సాయంత్రం అయిదింటికే పొద్దుగూకుతుంది. మైదానాల మీద మంచు పేరుకుంటుంది. పరుగులు పెట్టాల్సిన పిల్లలు నాలుగైదు నెలలు సోఫాల మీదే పెరగకుండా, శనివారం పొద్దున ఒక ప్రాథమిక పాఠశాల జిమ్‌లో సాకర్, అంటే ఫుట్‌బాల్, నేర్పిస్తారు. పోటీ ఏమీ ఉండదు. సెలక్షన్లు ఉండవు. పేరు రాయించుకున్న ప్రతి పిల్లా పిల్లవాడూ ఆడతారు. నేర్పేవాళ్ళు జీతం తీసుకోని తల్లిదండ్రులే.

చలి నా ఒంట్లోనే తెలుస్తుంది. మా కోచ్ బంతులన్నిటినీ సంచితో సహా కారు డిక్కీలో వదిలేస్తే, రాత్రి సున్నాకు పదిహేను డిగ్రీలు కిందికి పడిపోయిన రోజున నాలోని గాలి ఒత్తిడి బాగా తగ్గిపోతుంది. గాలి ఎక్కడికీ పోదు. చలికి ముడుచుకుంటుంది, అంతే. పొద్దున జిమ్‌లో పెడితే మెల్లగా మళ్ళీ బిగుస్తాను. తొందరపడి పంపు కొడితే వెచ్చబడ్డాక రాయిలా అవుతాను, చిన్న పాదాలకు నొప్పి. మా కోచ్‌కు ఈ సంగతి తెలుసు. ముందురోజు రాత్రే సంచిని ఇంట్లోకి తెచ్చుకుంటుంది.

పైకప్పు కింద ఆడటం ఈ ప్రాంతానికి కొత్త కాదు. నోవైకి అరగంట దూరంలోని పాంటియాక్‌లో సిల్వర్‌డోమ్ అనే కప్పున్న స్టేడియం ఉండేది. 1994 జూన్ 18న అమెరికా, స్విట్జర్లాండ్ అక్కడే 1-1తో డ్రా చేసుకున్నాయి. కప్పు కింద జరిగిన మొదటి ప్రపంచ కప్ మ్యాచ్ అదే. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు అసలు గడ్డిని ఆరు పలకల పెట్టెల్లో పెంచి, లోపలికి తెచ్చి పరిచారు. 2017లో ఆ స్టేడియాన్ని కూల్చేశారు. మా కోచ్ చిన్నప్పుడు ఆ మ్యాచ్‌కు వెళ్ళిందట. పిల్లలకు చెబుతుంటే విన్నాను.

నేను దొర్లే చెక్క నేల మీద గీతలన్నీ బాస్కెట్‌బాల్‌వి. నాకేమీ పరాయితనం లేదు. 1891లో జేమ్స్ నైస్మిత్ మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, చలికాలంలో కుర్రాళ్ళకు లోపల ఆడుకునే ఆట కావాలని బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. ఆ మొదటి ఆట ఆడింది ఫుట్‌బాల్‌తోనే. తర్వాత 1930లో ఉరుగ్వే రాజధాని మాంటివిడియోలో హువాన్ కార్లోస్ సెరియాని బాస్కెట్‌బాల్ కోర్టులోకి ఫుట్‌బాల్‌ను దించి ఫుట్సాల్‌కు రూపం ఇచ్చాడు. ఇద్దరూ వైఎంసీఏలో పనిచేసినవాళ్ళే. చోటు చిన్నదైతే బంతి దూరంగా పారిపోదు. బంతి బరువుగా, మందకొడిగా ఉంటే పిల్లకు దాన్ని అందుకునే వ్యవధి దొరుకుతుంది. అరికాలితో ఆపి, అరికాలితోనే పక్కకు లాగి, మళ్ళీ ముందుకు తోయడం ఈ నేల మీదే బాగా వస్తుంది. బ్రెజిల్ రొనాల్డినో చిన్నప్పుడు ఫుట్సాల్ ఆడి పెరిగినవాడే.

శనివారం తొమ్మిది కాకముందే తలుపు దగ్గర మంచు బూట్లు గుట్ట పడతాయి. రోడ్ల మీద చల్లిన ఉప్పు వాటి నుంచి కారి తెల్లటి మరకలు కడుతుంది. జాకెట్లు, టోపీలు, జతలో ఒక్కటే మిగిలిన గ్లవ్స్. షిన్ గార్డులను తలకిందులుగా కట్టుకొచ్చేవాళ్ళు ప్రతిసారీ ఉంటారు. కోచ్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కరివీ సరిచేస్తుంది. మొదట ఎర్రలైటు–పచ్చలైటు. పచ్చలైటంటే నన్ను తోసుకుంటూ వెళ్ళాలి, ఎర్రలైటంటే అరికాలు నా నెత్తిన పెట్టి ఆగాలి. తర్వాత సొరచేపల ఆట. చేపలన్నీ తలా ఒక బంతితో ఒక గోడ నుంచి ఇంకో గోడకు ఈదాలి, మధ్యలో సొరచేప బంతులు లాక్కుంటుంది. చివర్లో మాత్రమే మ్యాచ్.

ఆ మ్యాచ్‌లో అటు నలుగురు, ఇటు నలుగురు. గోల్ కీపర్ ఉండడు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఇదే పద్ధతి. అమెరికా సాకర్ ఫెడరేషన్ 2017 నుంచి దీన్ని నియమం చేసింది. పదేళ్ళ వయసు వరకూ పిల్లలు బంతిని తలతో కొట్టకూడదన్న నియమం అంతకు ముందే, 2015లో వచ్చింది. పదకొండుమందితో పెద్ద మైదానంలో నిలబెడితే చిన్నపిల్ల ఆట మొత్తంలో బంతి దగ్గరికి ఒకటి రెండుసార్లు వస్తుందేమో. నలుగురితో ఆడితే దాక్కోవడానికి చోటుండదు, ఆట తన దగ్గరికి రాక తప్పదు. మొదట్లో ఎనిమిదిమందీ బెల్లం ముక్కకు చీమలు పట్టినట్టు నన్ను పట్టుకుంటారు. పాస్ ఇవ్వమని పెద్దవాళ్ళు గోల పెడతారు. అయిదేళ్ళ పిల్లకు బంతి తనది. అది తన కాలి దగ్గర ఉండాలన్న ఆశ సహజం, ఆ ఆశ తీరాకే పక్కవాళ్ళు కనిపిస్తారు. నన్ను అడిగితే ఆ వయసులో పాస్ కోసం తొందరపెట్టడం తప్పు.

జనవరిలో ఒక తెలుగు పాప వచ్చింది. అయిదేళ్ళు. వాళ్ళమ్మ పసిబిడ్డతో ఇంట్లో ఉంది. పురిటికని సికింద్రాబాద్ నుంచి అమ్మమ్మా తాతా వచ్చారు. తాత, నాన్న కలిసి పాపను తీసుకొచ్చారు. మొదటి వారం తాత చెయ్యి వదల్లేదు. నేను దొర్లుకుంటూ దగ్గరికి వెళ్తే కాళ్ళు వెనక్కి తీసుకుంది. నాన్న గోడ దగ్గర నిలబడి, "కొట్టు నాన్నా, గట్టిగా కొట్టు! ముందుకి!" అని అరుస్తున్నాడు. బిడ్డ మీద ప్రేమతోనే. కానీ ఆ అరుపుకు పాప నా వైపు చూడటం మానేసి నాన్న మొహం చూసింది. ఒకసారి కళ్ళు మూసుకుని కాలు విసిరింది. నేను గోడకు కొట్టుకుని అవతలి పిల్లవాడి కాళ్ళ దగ్గర పడ్డాను. నాన్న చప్పట్లు కొట్టాడు. పాప మాత్రం మళ్ళీ బంతి లేకుండానే మిగిలింది.

తాత అల్లుడికి ఎదురు చెప్పే మనిషి కాదు. మూడో వారమో నాలుగో వారమో, "అల్లుడుగారూ, ఫ్లాస్కుల చాయ్ ఉంది, అట్ల కారిడార్ల కూసొని తాగుదాం రాండ్రి" అన్నాడు. ఇద్దరూ తలుపు అవతలికి వెళ్ళారు. తలుపు తెరిచే ఉంది కాబట్టి మాటలు వినబడ్డాయి. తాత వాళ్ళ నాన్న హైదరాబాద్‌లో పోలీసు లైన్లో ఉండేవాడట. సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలిచిన రోజులవి. ఆ జట్టుకు నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. "రహీం సాబ్ అలవాటు లేని కాలుతోనే ఆడాలె అని పోటీలు పెడుతుండె అంట. అంత పెద్ద పెద్ద ఆటగాళ్ళకే ఓపిగ్గ నేర్పిండు. మన బుజ్జిది అయిదేళ్ళ పిల్ల. కొంచెం బంతితోని దోస్తీ కానియ్యండ్రి."

"నిజమే మామయ్యా," అన్నాడు అల్లుడు. ఆ తర్వాత అతను జిమ్‌లో చప్పట్లకే సరిపెట్టుకున్నాడు.

లోపల ఆ సమయంలో ఏం జరిగిందో నాకు స్పష్టంగా గుర్తుంది. నన్ను ఎవరో పక్కకు తన్నారు. నేను గోడ మెత్తకు తగిలి, వేగం చచ్చి, పాప దగ్గరికి నెమ్మదిగా దొర్లాను. వెనకాల ఎవరూ పిలవలేదు. ఆమె కుడి పాదం ఎత్తి నా మీద పెట్టింది. బరువు వెయ్యలేదు, ఊరికే ఆనించింది. నేను ఆగాను. పాదాన్ని కొంచెం వెనక్కి లాగింది. నేనూ వచ్చాను. మళ్ళీ ముందుకు. అప్పుడు కిందికి వంగి నన్ను చూసి, "ఆగింది!" అంది, ఎవరితోనో కాదు, తనలో తనే. అవతలి జట్టు జపాన్ పిల్ల వచ్చి నన్ను తీసుకుపోయింది. పాప ఏడవలేదు. వెంటపడింది.

ఆ రోజు నుంచి ఆమె ఎన్నిసార్లు నన్ను పోగొట్టుకుందో, ఎన్నిసార్లు తిరిగి తెచ్చుకుందో! పోగొట్టుకున్న ప్రతిసారీ వచ్చి తాకింది. ఎడమకాలితో కూడా ఆపడం మొదలుపెట్టింది. అది తాత ఇంట్లో రబ్బరు బంతితో ఆడించడం వల్లేనని నా అనుమానం. ఒక గోల్ మాత్రం పడింది. ఆమె కాలికి తగిలి పడిందో, ఇంకొకరి కాలికి తగిలి పడిందో కోచ్ రాసుకోలేదు. ఇక్కడ స్కోరు పట్టిక లేదు, ఉండకూడదు కూడా. ఆరేళ్ళ పిల్లలకు తాము గెలిచామో లేదో కారెక్కేలోపే మరుపొస్తుంది. కారు దాకా, ఆ తర్వాత వారమంతా, పెద్దవాళ్ళు మోసుకెళ్ళేదే ఆ లెక్క.

మార్చి చివరి శనివారం తల్లిదండ్రులకూ పిల్లలకూ మ్యాచ్ పెట్టారు. సాక్సులతో దిగిన పెద్దవాళ్ళు నన్ను బయట ఆడే బంతి అనుకుని గట్టిగా తన్నబోయారు. నేను లేవలేదు. వాళ్ళ కాళ్ళ కిందే ఉన్నాను. పాప సందులోంచి వచ్చి, నాన్న ముందే అరికాలితో నన్ను పక్కకు లాగి, గోడ వెంబడి తోసుకుంటూ పోయింది. నాన్న నవ్వుతూ వెంట పరుగెత్తాడు. గోల్ దగ్గర ఒక అమ్మ అడ్డం వచ్చింది. పాప ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ నాన్న వైపే వచ్చింది. ఆమెకు గోల్ అక్కర్లేదు, నేను కావాలి.

ఏప్రిల్ నుంచి ఆట గడ్డి మైదానానికి మారుతుంది, అక్కడికి వేరే బంతులు ఉన్నాయి. నవంబర్ దాకా మమ్మల్ని సంచిలో కట్టిపెట్టడం ఎందుకని, ఇంటికి తీసుకుపోతామన్న పిల్లలకు కోచ్ తలా ఒకటి ఇచ్చింది. పాప నన్ను ఎంచుకుంది. ఇప్పుడు వాళ్ళింటి బేస్‌మెంట్‌లో ఉన్నాను. తాత ఊరికి వెళ్ళడానికి ఇంకా కొన్ని వారాలున్నాయి. భోజనాలయ్యాక ఆయన కిందికి దిగి, గోడకు ఆనుకుని కుర్చీలో కూర్చుని, "దగ్గర్నే ఉంచుకో బిడ్డా, ఇప్పుడు ఎడమ కాలు" అంటాడు.