ఉరుముకూ మిరపకూ నడుమ

ఎండ కాసినన్నాళ్లు నేనెక్కడున్నానో ఎవరికీ పట్టదు. పడమట మబ్బు నల్లబడిందంటే మాత్రం ఇంటిల్లిపాదీ నన్నే కలవరిస్తారు. "బరకం ఏదీ? బరకం ఎక్కడ పెట్టి చచ్చార్రా?" అని.

నేను మిరపకల్లం బరకాన్ని. 24 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు, ఒకపక్క నీలం, రెండోపక్క నలుపు. 2018 సంక్రాంతికి ముందు గుంటూరు పట్నంబజారులో నన్ను కొని, పురుగుమందు డబ్బాల పక్కన కుక్కి, పర్చూరు దగ్గర ఊరికి తెచ్చారు. అప్పటికది ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా అంటున్నారు. నల్లరేగడి మాత్రం పాత జిల్లాలో కాళ్లకెట్లా అంటుకునేదో కొత్త జిల్లాలోనూ అట్లాగే అంటుకుంటోంది.

నా పని చెప్పుకోవడానికి చిన్నదే. కోసిన కాయ కల్లంలో వారం పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు ఎండాలి. పగలు పల్చగా పరుస్తారు, పొద్దుగూకే వేళకి గుట్ట చేసి నన్ను కప్పుతారు, అంచుల మీద ఇసుక మూటలు పెడతారు, పొద్దున మంచు ఆరగానే తీసేస్తారు. తీయడం ఆలస్యమైతే నా కిందే కాయకి చెమటపట్టి రంగు దిగుతుంది. ఇక వానకి తడిస్తే చెప్పేదేముంది? తొడిమ దగ్గర నల్లబడుతుంది, లోపల బూజు కడుతుంది, ఎర్రగా నిగనిగలాడాల్సిన తేజా రకం తెల్లబోయి తాలు కాయలో కలుస్తుంది. మిరప యార్డులో కొనేవాడు టిక్కీ బస్తాలోంచి ఒక్క కాయ లాగి, విరిచి, గింజ చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని పెదవి విరుస్తాడు. ఏడాది పెట్టుబడి ఆ పెదవి విరుపులో పోతుంది. అందుకని ఈ నేల మీద మబ్బు పడితే రైతుకి మెరుపు కనపడదు, తడే కనపడుతుంది. నన్ను కొనుక్కొచ్చింది కూడా ఆ తడి భయంతోనే.

ఆ ఇంటి కోడలిది ఇంకో రకం భయం. చిన్నప్పుడు పుట్టింటి పెరట్లో తాటిచెట్టు మీద పిడుగుపడి మొవ్వంతా భగ్గున మండటం కళ్లారా చూసింది. అప్పట్నుంచీ ఉరిమితే నడిమింట్లో మూలకి చేరడం, చెవులు మూసుకోవడం, "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అని మొదలుపెట్టడం. కిరీటి పది పేర్లూ ఎప్పుడూ పూర్తయ్యేవి కావు. ఐదో పేరుకి ఇంకో ఉరుము ఉరిమేది, మళ్లీ మొదటికొచ్చేది. "మిరప పండించే కొంపలో ఉరుముకి జడిస్తే ఎట్టాగమ్మాయ్!" అని అత్త దెప్పేది. ఉరుములు అత్తకో లెక్క కాదు. ఆవిడ భయం వేరే ఉంది, అది తర్వాత చెప్తాను.

ఏప్రిల్, మే నెలల్లో మా నేల పెనంలా కాలుతుంది. తూర్పున సముద్రం నుంచి వచ్చే తేమగాలి ఆ వేడికి నిలువునా పైకి లేస్తుంది. మధ్యాహ్నం దాటేసరికి మబ్బు మైళ్ల ఎత్తుకి పెరుగుతుంది. లోపల మంచు పలుకులు ఒకదానికొకటి రాసుకుని విద్యుత్తు పోగవుతుంది, అది పట్టలేక తెగినప్పుడు మెరుపు. ఆ దారిలో గాలి దాదాపు 30,000 డిగ్రీల దాకా వేడెక్కి ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఆ మోతే ఉరుము. అంటే చెవులు మూసుకునే వేళకి ఆ పిడుగు పడాల్సిన చోట పడిపోయిందన్నమాట. ఇదంతా కల్లంలో నా మీద కూర్చుని, సైన్సు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఆమె కొడుకు తల్లికి చెప్పిన పాఠం.

నేనొచ్చిన ఆ మొదటి వేసవిలోనే, 2018 ఏప్రిల్ 24న, ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. పేపర్లో ఆ అంకె చదివి పిల్లాడు గట్టిగా అరిచాడు. తల్లి ముఖం పాలిపోయింది. వాడు మాత్రం, "ఇన్ని అని లెక్కగట్టారంటే ఎక్కడ పడుతున్నాయో కనిపెడుతున్నట్టేగా అమ్మా" అన్నాడు. ఆ మాట ఆమెకి ఎక్కింది. మెరుపు కనపడ్డప్పట్నుంచి ఉరుము వినపడేదాకా లెక్కపెట్టాలట. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్పై లోపల ఉరిమిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు, చేలో ఉండకూడదు.

ఒకట్లు, రెండ్లు ఆమెకి కుదరలేదు, మధ్యలో గొంతు వణికి లెక్క తప్పేది. నోటికి పట్టిన పేర్లు ఎటూ ఉన్నాయిగా! పేరుకో సెకను చొప్పున పది పేర్లు ఒక చుట్టు. మూడు చుట్లు తిరిగేలోపు ఉరిమితే లోపలికి. అసలు ఉరుము చెవిన పడితేనే పిడుగు అందే దూరంలో ఉన్నట్టని జాగ్రత్తలు చెప్పేవాళ్లు అంటారు. కాని కల్లంలో వాళ్లని అంతకుముందే లాక్కెళ్లడం బ్రహ్మతరం కాదు. మూడు చుట్లంటే వినేవాళ్లు. పైగా అర్జునుడి పేరు మీద చెప్పిన మాటని మామగారు కూడా ఎగతాళి చెయ్యలేకపోయాడు.

ఆ తర్వాత ఫోన్లో హెచ్చరికలొచ్చాయి. రాష్ట్ర విపత్తుల సంస్థ మండలాల పేర్లు పెట్టి మరీ పిడుగులు పడతాయని ముందే చెప్పేది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన దామిని యాప్‌ని కొడుకు ఆమె ఫోన్లో వేసిపెట్టాడు. దానితో నాకు పని మారింది. మబ్బు నెత్తిమీదికొచ్చాక పరుగులు తీసే బదులు, ఫోన్ మోగగానే ఎండ ఉండగానే నన్ను కప్పేయడం. పక్క కల్లాల వాళ్లు నవ్వేవాళ్లు.

నవ్వనివాళ్లు కూలోళ్లు. కోతల కాలంలో కర్నూలు పడమటి ఊళ్ల నుంచి పిల్లాజెల్లాతో దిగుతారు. చేల గట్ల మీద నాలుగు కర్రలు పాతి, మా జాతి బరకమే కప్పుకుని, దాంట్లోనే నిద్ర. ఈ విషయం నేను చెప్తేనే బాగుంటుంది: నా కింద దూరితే వాన తగలదు, పిడుగు ఆగదు. చెట్టు కింద నిలబడ్డా అంతే. పక్కా ఇల్లే దిక్కు. ఉరుముల రాత్రుళ్లలో కోడలు వాళ్లని పిల్చుకొచ్చి వసారా దాటించి నడిమింట్లో పడుకోబెట్టేది. అత్త సణిగేది గాని చాపలు తానే పరిచేది.

ఒక ఏప్రిల్ సాయంత్రం హెచ్చరిక ఆలస్యంగా వచ్చింది. గుట్ట సగం కప్పారు, నా ఒక కొస గాలికి కొట్టుకుంటోంది, ఇసుక మూట జారిపోయింది. మెరిసింది. ఆమె పెదాలు కదులుతున్నాయి. మొదటి చుట్టు కూడా తిరగలేదు, ఉరిమింది. "లోపలికి!" అంది. మామగారు నా కొస పట్టుకుని వదల్లేదు. "కాయ తడుస్తదమ్మాయ్!" "తడవనీండి మావయ్యా, వదలండి!" ఆ ఇంట్లో ఆమె మామగారి మీద గొంతు లేపడం అదే మొదలు. ఆయన వదిలాడు. ఆఖరి ఉరుము వినపడ్డాక కూడా అరగంట ఎవర్నీ గడప దాటనివ్వలేదు. ఆ అరగంటా నేను ఎగిరి బోదెలో పడి ఉన్నాను, కాయ తడిసింది.

కల్లంలో ఆ రోజు పిడుగు పడలేదు. పడి ఉంటే ఆమె మాట గెలిచేది. పడకపోబట్టి ఆ టిక్కీలకి ధర తగ్గినప్పుడల్లా మామగారు ఆ సాయంత్రాన్ని తవ్వేవాడు. ఆమె ఎదురు చెప్పేది కాదు. మళ్లీ మబ్బు పడితే మళ్లీ అదే చేసేది. పిడుగుకి భయపడని వాళ్లని నేను చాలామందినే చూశాను. మెరుపులు మెరుస్తుంటే నా కోసమే చేలోకి పరుగెత్తారు. వాళ్లని ధైర్యవంతులంటారు. నేననను. తడి భయం పెద్దదై పిడుగు భయాన్ని మింగేసింది, అంతే.

సుడిగాలి సంగతీ చెప్పాలి. మిట్టమధ్యాహ్నం, మబ్బు తునకైనా లేనప్పుడు, కాలిన నేల మీంచి దుమ్ము తిరుగుతూ లేస్తుంది. దాంట్లో దయ్యం ఉంటుందని అత్త నమ్మకం. ఓసారి ఆ గాలి నన్ను లేపి వేపచెట్టు మీద పడేసింది. అమెరికాలో ఇళ్లు లేపుకుపోయే టోర్నడో కూడా ఇదేనా అని కోడలు అడిగితే, అది ఉరుముల మబ్బులోంచి కిందికి దిగుతుందనీ మనది నేల మీంచి లేస్తుందనీ కొడుకు చెప్పాడు. ఆమెకి అంతటితో సరిపోయింది.

ఇక అత్త భయం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి. అప్పటికి నేను ముసలిదాన్నై, అతుకులతో గొడ్లపాక మీద ఉన్నాను. విచ్చిన పత్తి చెట్టు మీదే నాని వేలాడుతోంది, మిరప మొక్కలు పక్కకి ఒరిగాయి. ఉరుములు పెద్దగా లేవు, గాలి ఒక్కటే హోరు. ఉరుముకి ఏనాడూ కదలని అత్త ఆ హోరుకి మంచం కోడు పట్టుకుని కూర్చుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఆవిడకి కళ్ల ముందే ఉంది. దివిసీమలో పదివేలకు పైగా జనాన్ని తీసుకుపోయిన రాత్రి అది. ఆవిడ పుట్టిల్లు రేపల్లె వైపు. "ఉరుము చెప్పొస్తది, గాలి చెప్పదు" అంది. "ఇప్పుడు చెప్తోంది అత్తయ్యా" అని కోడలు ఫోన్లో తుఫాను ఎంత దూరంలో ఉందో ప్రతి బులెటిన్‌కీ చదివి వినిపించింది. అత్త భయం పోలేదు. కోడు మాత్రం వదిలి, మజ్జిగ అడిగింది.

నన్ను ఆ గాలి రెండుగా చీల్చింది. ఒక ముక్క గడ్డివాము మీదికి పోయింది, రెండోది మోటారు షెడ్డుకి అడ్డంగా కట్టారు. మాట్లాడుతున్నది ఆ రెండో ముక్క. నా చోటుకి రెండు కొత్త బరకాలొచ్చాయి. వాటి ఖర్చు గురించి మామగారు అన్నం తినేటప్పుడల్లా అంటూనే ఉన్నాడు.

కోడలికి దగ్గర్లో ఉరిమితే ఇప్పటికీ చేతులు చెవుల మీదికి పోతాయి. లెక్క తప్పుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. అప్పుడు నవ్విన పక్క కల్లాల వాళ్లే ఇప్పుడు మెరుపు మెరవగానే గట్టు మీంచి కేకేస్తారు: "అమ్మాయ్, ఎన్ని పేర్లయినయ్?"

"రెండో చుట్టు సగమైంది బాబాయ్, ఆ బరకం వదిలేసి ఇంట్లోకి రా!"