ఎగిరిన పలక: టీకా తాత్పర్య సహితం

మూలం

కప్పు మీది పలక గాలికి నెగిరెను
రెక్క తలుపు మూయ రేయి పట్టె
లక్ష డాలరులకు లభియించె నిదియేమి
మరల మరల జిగురు మార్చవలెనె?

అవతారిక

టెస్లా మోడల్ ఎక్స్ అనే విద్యుత్ ఎస్‌యూవీ తొలి బండ్లు 2015 సెప్టెంబరు 29న కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో యజమానుల చేతికి అందాయి. పద్యం ఆ తొలి విడత యజమాని నోట పలికినట్టు కూర్చినది. సంబోధ్యుడు సర్వీసు సెంటరు కౌంటరు వెనుక నిలబడ్డ మనిషి. ఈ జాతి పద్యాలకు వారంటీ నడుస్తున్నంతకాలం రసం వీరం, అది తీరిన మర్నాటి నుంచి శాంతం. వృత్తం కాదు, ఉపజాతి ఆటవెలది. శార్దూలానికి కావలసిన ఊపిరి ఫిర్యాదు చేసేవాడికి మిగలదు.

ప్రతిపదార్థం

కప్పు మీది = బండి నెత్తిన ఉన్న; పలక = నిగనిగలాడే పట్టీ; గాలికిన్ = రహదారి మీది వేగపు గాలికి; ఎగిరెను = ఊడి లేచిపోయెను; రెక్క తలుపు = డేగ రెక్కలా పైకి లేచే వెనుక తలుపు; మూయన్ = మూయబోగా; రేయి పట్టె = చీకటి పడెను; లక్ష డాలరులకు = అంత సొమ్ముకు; లభియించెను = దొరికెను; ఇది ఏమి = ఇదేమి చోద్యము; మరల మరల = మళ్ళీ మళ్ళీ; జిగురు = అతుకుమందు; మార్చవలెనె = మార్చుకోవలసిందేనా?

తాత్పర్యం

పలక ఊడింది, తలుపు మొరాయించింది, సొమ్ము పోయింది, మరమ్మతు నిలవలేదు.

విశేషాలు

పలక: బడిపిల్లల పలక కాదు. మోడల్ ఎక్స్ ముందు అద్దం డ్రైవరు నెత్తి దాటి వెనక్కి సాగుతుంది. అది ఆగిన చోటి నుంచి కప్పు నడిమధ్యగా ఒక దూలం వెన్నెముకలా పోతుంది. రెండు పక్కల రెక్క తలుపులూ దానికే వేలాడతాయి. అద్దం ముగిసే చోట ఒక పట్టీని, వెన్నెముక మీద ఒక పట్టీని అందం కోసం అతికించారు. వాటి మీద బరువేమీ పడదు. అలంకారం పోయినా కావ్యం నిలుస్తుందనే వాదం ఇక్కడ చెల్లదు. ఊడిన అలంకారం వెనకాల వచ్చే బండి అద్దం మీద పడవచ్చు. ఒట్టి సింగారపు వస్తువు భద్రతా వ్యవహారమైంది అందుకే.

గాలికి: గాలి పలకను కింద నుంచి తన్నిందని ఒక వ్యాఖ్య. అది సగమే నిజం. బండి వేగంగా పోతున్నప్పుడు వంపు తిరిగిన కప్పు మీద గాలి మరింత జోరందుకుంటుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, కప్పు మీదున్నదల్లా పైకి లాగబడుతుంది. తుఫానుకు రేకుల ఇంటి కప్పు లేచిపోవడంలోనూ ఈ లాగుడు పాత్ర పెద్దది. అంచున వెంట్రుకంత సందు దొరికితే మిగతా పని గాలే చూసుకుంటుంది.

నెగిరెను: పద్యానికి ఆయువుపట్టు ఈ నకారం. గాలికిన్ అనే ద్రుతాంతం మీద ఎగిరెను అనే అచ్చు వచ్చి చేరింది. మధ్యనున్న పొల్లు నకారం రెండు పదాలనూ పట్టి ఉంచింది. దానికి సొంత అర్థం లేదు, ప్రతిపదార్థంలో చోటు లేదు. అతుకు మాత్రం దానిదే. కార్ఖానాలో దీనికి సమానమైన వస్తువు పేరు ప్రైమరు. నున్నటి ఉపరితలం జిగురును నేరుగా పట్టుకోదు. ముందు పలచగా ప్రైమరు పూస్తే ఒకవైపు పలకనూ మరోవైపు జిగురునూ కలిపి పట్టుకుంటుంది. పూయకపోయినా కొత్తలో పలక కూర్చునే ఉంటుంది. ఎండలు, వానలు, రహదారి కుదుపులు కొన్నేళ్ళు గడిచాక సంగతి తెలుస్తుంది. 2016 మోడల్ బండ్లలో ఆ పూత లేకుండానే పట్టీలు అతికి ఉండవచ్చని తేలింది. కవి మరవని ద్రుతాన్ని కర్మాగారం మరిచింది. అందుచేత పలక ఎగిరినా, పలక ఎగిరిందన్న మాట మాత్రం ఊడలేదు.

రేయి పట్టె: అతిశయోక్తి. పునాది మాత్రం గట్టిదే. ఈ తలుపుకు రెండు మడతలు, కప్పు దగ్గర ఒకటి, మోచేతి దగ్గర మరొకటి. తెరిచే ముందు పక్కన గోడ ఉందా, పైన శ్లాబు ఉందా అని సెన్సార్లు చూసుకుంటాయి. కొన్ని తొలి బండ్లలో అవి లేని గోడను చూశాయి. తలుపును లేపే హైడ్రాలిక్ యంత్రం నూనె కారుతోందని, వేడెక్కుతోందని ఆరోపిస్తూ టెస్లాయే 2016 జనవరిలో హోర్బిగర్ అనే స్విట్జర్లాండు సంస్థ మీద దావా వేసింది. అదే ఏడాది రాజీ కుదిరింది. తొలి బండిలోనే ఇంత కొత్తదనాన్ని కుక్కడం తమ అహంకారమని కంపెనీ ఆ ఏడాదే ఒప్పుకుంది. వ్యాఖ్యాతకు ఇంతకంటే సహకరించిన మూలకర్త అరుదు.

లక్ష డాలరులకు: ఛందస్సు కోసం తగ్గించి చెప్పినది. తొలి విడత బండ్ల ధర 1,30,000 డాలర్లు దాటింది.

మరల మరల: మామూలుగా చదివితే ఆమ్రేడితం. 2020 నవంబరులో కంపెనీ 2016 నాటి 9,136 మోడల్ ఎక్స్ బండ్లను రీకాల్ చేసింది. పట్టీ గట్టిగా ఉందో లేదో పరీక్షించి, వదులుగా ఉంటే ప్రైమరు పూసి తిరిగి అతికించాలి. 2024 సెప్టెంబరులో అదే మోడలుకు, అదే ఏడాది బండ్లకు, అవే పట్టీల కోసం మళ్ళీ రీకాల్ వచ్చింది. మొదటిసారి చూపించుకున్నవి కూడా మళ్ళీ రావాలి. ఇంతవరకు ఆమ్రేడితానికి లోటు లేదు.

మరొక అన్వయం యమకం. మొదటి మరల అంటే మళ్ళీ. రెండవ మరల అంటే మరల యొక్క, అనగా యంత్రాల యొక్క. అప్పుడు ‘మళ్ళీ యంత్రాల జిగురే’ అని అర్థం వస్తుంది. ఈ అన్వయాన్ని లాగి తెచ్చినదని కొట్టిపారేయడానికి వీల్లేకుండా 2025 మార్చిలో అదే సంస్థ 46,096 సైబర్‌ట్రక్కులను రీకాల్ చేసింది. కప్పు అంచు వెంబడి ఉండే స్టీలు రేకును పట్టే జిగురు పెళుసుబారి, రేకు ఊడిపోవచ్చునన్నది కారణం. ఈసారి జిగురు రకాన్ని మార్చడమే కాక, రేకుకు బోల్టు లాంటి కాడ వెల్డింగు చేసి నట్టు బిగించారు. నట్టుకు సంధి సూత్రాలతో పని లేదు.

మార్చవలెనె: చివరి ఎకారం ప్రశ్నార్థకం. రీకాల్ నోటీసు ప్రకారం దీనికి సమాధానం: వలెను, ఖర్చు లేకుండా.