కావలెను: ఒక శత్రువు

కరీబియన్ సముద్రంలో డొమినికా అని ఒక దీవి. డొమినికన్ రిపబ్లిక్ కాదు, అది వేరు. లక్షకు చాలా తక్కువ జనం, అరటితోటలు, కొండలు. ఉత్తరాన గ్వాడెలూప్, దక్షిణాన మార్టినీక్, రెండూ ఫ్రాన్సువే. ఫ్రాన్సు నిజంగా దండెత్తితే భోజనాల వేళకు పని ముగుస్తుంది. అయినా 1978లో స్వతంత్రమైన దేశానికి సైన్యం లేకపోతే ఏం మర్యాద? ప్రధాని ప్యాట్రిక్ జాన్ గారైతే కల్నల్ హోదా కూడా తగిలించుకున్నారు.

సైన్యముంది, శత్రువే లేడు. వెతగ్గా వెతగ్గా 1979 మే 29న రాజధాని రోజోలోనే దొరికాడు. సమ్మెలకు సంకెళ్లు, పత్రికలకు తాళాలు వేసే బిల్లులు వద్దంటూ గుమిగూడిన సొంత జనమే ఆ శత్రువు. తుపాకులు పేలాయి. నెల తిరక్కుండా కల్నల్ గారి గద్దె కూలింది. కాల్పులు జరిగిన సరిగ్గా మూడు నెలలకు, ఆగస్టు 29న, అసలు దండయాత్ర జరిగింది. వచ్చినవాడు డేవిడ్ అనే పెనుతుపాను. వాణ్ని కాల్చడానికి తుపాకీ పనికిరాదు.

పనికిరాని తుపాకుల్ని సైనికులు గంజాయికి మార్చుకుంటున్నారని తర్వాత ఆరోపణ. పాతబట్టలకు స్టీలు సామాను బేరంలాగ! 1981లో కొత్త ప్రధాని యూజీనియా చార్లెస్ సైన్యమనే ఆ కొట్టునే మూసేశారు.

గద్దె మళ్లీ ఎక్కాలని జాన్ గారు చేతులు కలిపిందెవరితో? అమెరికాలోని తెల్లజాతి దురహంకారుల ముఠా కు క్లక్స్ క్లాన్, నాజీ భక్తులతో! నల్లవాళ్ల దీవిలో నల్లవాడి పట్టాభిషేకానికి తెల్లతోలు పురోహితులు. వాళ్లు బాడుగకు మాట్లాడుకున్న పడవ కెప్టెనే అధికారుల చెవిన వేశాడు. ఆ ముఠా పదిమందీ న్యూ ఆర్లీన్స్ దగ్గరే, పడవెక్కకముందే దొరికారు. అదే ఏడాది డిసెంబరులో మాజీ సైనికులు పోలీసు కేంద్రం మీదా జైలు మీదా పడ్డారు. ఉద్యోగం ఊడినా అలవాటు పోలేదు, మళ్లీ సొంత దేశం మీదే.

అదే సముద్రంలో మరో దీవి సంగతీ ఇంతే. 1983 అక్టోబరు 19న గ్రెనడా సైన్యం తన ప్రధాని మారిస్ బిషప్‌నే కాల్చి చంపింది. ఆరు రోజులకు వాషింగ్టన్‌లో రీగన్ పక్కన నిలబడి ఆ దీవికి అమెరికా సేనలు వెళ్లడాన్ని సమర్థించింది ఎవరనుకున్నారు? సైన్యం లేని డొమినికా ప్రధాని చార్లెస్! జాజికాయల దీవి మీదికి వేలమంది దిగారు. గ్రెనడా సైన్యమూ రద్దయింది. ఇప్పుడు రెండు చోట్లా పోలీసులే.

కల్నల్ గారు జైలుకెళ్లొచ్చి ఫుట్‌బాల్ సంఘానికి అధ్యక్షులయ్యారు. 2011లో లంచాల గొడవలో ఫిఫా ఆయన్ని రెండేళ్లు మైదానం బయట కూర్చోబెట్టింది.