నేను సత్యభామ జడను

కూచిపూడివారి భామాకలాపం ఆటలో సత్యభామ కంటే ముందు జనానికి కనిపించేది నేను. ఇద్దరు మనుషులు అటూ ఇటూ తెర పట్టుకుని నిలబడతారు. వెనక నుంచి ఆమె నన్ను ఒక్క విసురున తెర మీదుగా బయటికి వేస్తుంది. ముఖం ఇంకా చూపలేదు, నోరు ఇంకా విప్పలేదు. అప్పటికే సవాలు విసిరేసింది. నాకు సాటి వచ్చేవాళ్లుంటే రండి, గెలవండి, గెలిస్తే ఈ జడ కోయించుకుంటాను అని దాని అర్థం.

ఆ పందెం ఇప్పుడు వినడానికి ముచ్చటగా ఉంటుంది. ఆ కాలపు ఆడవాళ్లకు అది గుండె ఆగే మాట. భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీకి తల గొరిగించే రోజులవి. దివిటీల వెలుగులో ఆట సాగుతుంటే, వెనక అరుగుల మీద చీకట్లో, ముసుగు నుదుటి దాకా లాక్కుని కొందరు కూర్చునేవారు. వాళ్లలో ముసలివాళ్లే కాదు, పదహారేళ్లు నిండనివాళ్లూ ఉండేవారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. నేను తయారయ్యే నాటికి అది పాత కబురే. అయినా ఆ అరుగులు ఖాళీ కాలేదు. ఒక మగవాడి తల మీద నేను నిండుగా ఊగుతుంటే, ఆ బోడి తలలు నన్ను కళ్లప్పగించి చూసేవి. జడ మొగుడి ఆయుష్షుతో ముడిపడిన సొత్తు అనుకున్న లోకంలో, అది నాది, పందెంలో పెట్టే హక్కూ నాదే అన్న స్త్రీ సత్యభామ ఒక్కతే.

నా పుట్టుక గురించి చెప్పుకోవలసింది కొంచెమే. ఎవరో మొక్కుబడికి ఇచ్చిన జుట్టు, దానికి నల్లదారం, తేలిక చెక్క మీద బంగారు రేకు అంటించిన నాగరం, పాపిటకు అటూ ఇటూ సూర్యుడూ చంద్రుడూ, చివర మూడు జడకుప్పెలు. నా మీద ఇరవై ఏడు నక్షత్రాలున్నాయని పెద్దలు చెప్పేవారు. విశ్వమంతా నాలో ఉందనీ చెప్పేవారు. నాకు ఆ విశ్వం కంటే, నన్ను దువ్వి ముడి వేసిన చేతులే ఎక్కువ గుర్తు.

ఆ చేతులు మా భాగవతులవారి ఇల్లాలివి. సిద్ధేంద్రయోగి ఈ కలాపం రచించి, కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని అక్కడి సంప్రదాయం. అందుకే తరతరాలుగా భామ వేషం మగవాళ్లదే. ఆటకు వెళ్లే ముందు ఆ ఇల్లాలు నన్ను నూనె రాసి దువ్వేది, ఊడిన కుప్పె కుట్టేది, భర్త తలకు బిగించి కట్టేది. "ఏమండీ, మరీ బిగుతైందా?" అని అడిగేది. ఆయన్ను పేరు పెట్టి పిలవడం నేను ఒక్కనాడూ వినలేదు. ఊరి కరణం ఇంటికొచ్చి ఇంటాయన పేరు అడిగితే, గుమ్మం చాటున నిలబడి పిల్లాడి చేత చెప్పించింది.

అదే రాత్రి ఆయన సత్యభామై ఆ ఇబ్బందినే ఆడేవాడు. చెలికత్తె మాధవి, నీ మగడి పేరేమిటమ్మా, పేరు చెప్పకపోతే ఎవరని వెతికి తీసుకురాను అని నిలదీస్తుంది. సత్య సిగ్గుపడుతుంది, గుర్తులు చెబుతుంది, తప్పించుకుంటుంది, చివరికి ఎలాగో బయటపడుతుంది. ఆ ఘట్టం ఎంతసేపు సాగితే జనానికి అంత సంతోషం. ఆ సిగ్గు ఎవరి దగ్గర నేర్చాడో నాకు తెలుసు. నేర్పిన మనిషి మాత్రం ఆడవాళ్ల గుంపులో, అందరితో పాటు నవ్వుతూ కూర్చునేది.

సత్య చేసిన నేరమేమిటి? అద్దం ముందు నిలబడి, మనిద్దరిలో ఎవరు అందం అన్న మాట వచ్చినప్పుడు భర్తకు తల ఒగ్గలేదు. కృష్ణుడు అలిగి వెళ్లిపోయాడు. ఆమె కుమిలింది, లేఖ రాసింది, రాయబారానికి వెళ్లమంటే మాధవి ముక్కర అడిగితే అదీ తీసి ఇవ్వాల్సి వచ్చింది. ముత్తైదువ ముక్కర తీయడమంటే ఎంత కష్టమో ముందు వరసలోని ఆడవాళ్ల ముఖాల్లో కనిపించేది. తెల్లవారుజామున ఆయన తిరిగొస్తాడు. అప్పుడు పెద్దలు వివరణ ఇస్తారు: సత్య జీవాత్మ, కృష్ణుడు పరమాత్మ, జడ అహంకారం, అది అణిగాక గానీ కలయిక లేదు. ఎన్నో రాత్రులు ఆ మాటలు విన్నాను. వేదాంతాన్ని కాదనే అర్హత నాకు లేదు. కానీ జనం ఊపిరి బిగబట్టింది ఆమె లొంగినప్పుడు కాదు, నన్ను విసిరినప్పుడు. నంది తిమ్మన పారిజాతాపహరణంలో ఆమె మరో అడుగు ముందుకేసి, ఎడమ కాలితో కృష్ణుడి శిరస్సునే తన్నింది. ఆ తన్నును ఆయన ఆదరంగానే తీసుకున్నాడు. శ్రీకృష్ణదేవరాయల కొలువులోనే ఆ ఊహ పుట్టగలిగిందంటే, భార్యకు అలిగే హక్కుందన్న ఎరుక తెలుగువాళ్లకు కొత్తది కాదు. కావ్యంలో ఒప్పుకున్నది ఇంట్లో ఒప్పుకోలేదు, అంతే.

నా మనసును చాలాకాలం తొలిచిన సంగతి ఒకటుంది. ఇంత తెగువ ఉన్న భార్య వేషాన్ని, ఆ రోజుల్లో తెలుగునాట భార్యలు కట్టలేదు. మా మేళాల్లో మగవాళ్లు కట్టారు. నాటకాల్లో స్థానం నరసింహారావుగారు (1902–1971) కట్టారు. శ్రీకృష్ణ తులాభారంలో ఆయన సత్యభామను చూసి, ఆ కులుకు తమకు రాదని ఆడవాళ్లే అనేవారట. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇక గోదావరి జిల్లాల్లో నా తోబుట్టువులు ఆలయాల్లో ఆడే దేవదాసీల, అంటే కలావంతుల ఇళ్లలో ఉండేవి. పిఠాపురం కుంతీమాధవస్వామి ఆలయంలో నవజనార్దన పారిజాతమని తొమ్మిది రాత్రులు ఆడేవారు. ఆ సత్యభామలు నిజమైన స్త్రీలు, సంస్కృతం చదివినవాళ్లు, జావళికి అర్థం చెప్పగలవాళ్లు. వాళ్లకు పెళ్లి మాత్రం లేదు. మొగుడి పేరు చెప్పడానికి సిగ్గుపడే అభినయం వాళ్లంత గొప్పగా ఎవరూ చేయలేదంటారు. పేరు చెప్పుకోవడానికి మొగుడే లేని బతుకులవి. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చాక ఆలయంలో ఆ ఆట ఆగింది. ఒక అన్యాయం ఆగిందని సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ దానితో పాటు ఆ స్త్రీల విద్యనూ సిగ్గుపడవలసినదిగా చేశారు. గజ్జెలూ జడలూ పెట్టె అడుగుకు చేరాయి. వాటి దుఃఖం నాది కూడా.

చట్టాలు ఇంకా వచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో 1949లో, దేశమంతటా 1955లో, హిందువుల్లో భార్య ఉండగా మరో పెళ్లి చెల్లదన్నారు. ఆ తర్వాత రుక్మిణీ సత్యల సవతి పోరు చూసి నవ్వే తీరు మారింది. అంతకు ముందు సవతి ఉన్న ఆడవాళ్లు నవ్వేవారు కాదు, పక్కకు చూసేవారు. వాళ్ల కూతుళ్లు నవ్వగలిగారు. 1966లో శ్రీకృష్ణ తులాభారం సినిమాలో జమునగారు సత్యభామ అయినప్పుడు, తెలుగువాళ్లకు భామ అంటే ఒక స్త్రీ ముఖమే గుర్తుండిపోయింది. అంతకు మూడేళ్ల ముందే మద్రాసులో వెంపటి చినసత్యంగారు కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఆడపిల్లలకు నేర్పారు. ఆయన శిష్యురాలు శోభానాయుడు సత్యభామగా పేరు తెచ్చుకున్నారు. వేదాంతం సత్యనారాయణశర్మగారి భామను చూసినవాళ్లు ఆయనకు సాటి లేదంటారు, నేనూ అంటాను. అయినా ఒక అమ్మాయి నన్ను మొదటిసారి తెర మీదుగా విసిరినప్పుడు, ఇన్నాళ్లూ అరువు తెచ్చుకున్న కోపం సొంతదారు చేతికి వచ్చిందనిపించింది.

అప్పటికి నేను పాతబడ్డాను. మా భాగవతులవారు పోయారు. ఆ ఇల్లాలు నన్ను గుడ్డలో చుట్టి పెట్టెలో దాచింది, ఆమె ఉన్నన్నాళ్లూ ఏటా ఎండలో వేసింది. తర్వాత వచ్చినవాళ్లు పెట్టె కావాలని నన్ను అటక మీదికి విసిరేశారు. తెర మీదుగా విసరడం వేరు, అటక మీదికి విసరడం వేరు. వానాకాలం చెమ్మకు జుట్టు అట్ట కట్టింది. ఎలుకలు కుప్పెల పట్టు కొరికేశాయి. చంద్రుడు ఎక్కడో రాలిపోయాడు. కింద పెళ్లి మాటలు జరుగుతుంటే వినేదాన్ని. కట్నం పుచ్చుకోవడం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. అటక కింద మాత్రం బేరం మానలేదు. సత్యభామ వేషం కట్టిన ఇంట్లో, పెళ్లికూతురి మాట ఎవరూ అడగలేదు.

చివరికి పాత సామానుతో పాటు వేషాలు అద్దెకిచ్చే దుకాణం చేరాను. యముడి గద, హనుమంతుడి తోక, వాటి మధ్య మేకుకు నేను. రాలిన రేకు మీద పసుపు రంగు పూశారు. స్కూలు వార్షికోత్సవాలకు తీసుకెళ్లేవారు. పిల్లలు నన్ను నేల మీద ఈడ్చినా బాధపడలేదు, వాళ్లకు నేర్పినవాళ్ల మీదే నా కోపం. రాత్రంతా ఆడే కలాపాన్ని పది నిమిషాల అంశం చేశారు. సత్య ప్రవేశిస్తుంది, నన్ను విసురుతుంది, తన అందాన్ని పొగుడుకుంటుంది, చప్పట్లు. పేరు చెప్పే ఘట్టం లేదు, లేఖ లేదు, ముక్కర లేదు. భార్యగా ఆమె పడిన పాట్లన్నీ కత్తిరించి, కులుకు మాత్రం ఉంచారు. కేవలం కులుకే అయితే నన్ను పందెం పెట్టవలసిన పనేముంది?

ఒకనాడు ఒక నృత్యం టీచరు నన్ను మేకు మీంచి తీసి చేతిలో తూచి చూసింది.

"అది పాతదమ్మా, ప్లాస్టిక్‌వి కొత్తవి వచ్చాయి," అన్నాడు దుకాణదారు.

"ఇదే ఇవ్వండి బాబాయ్. విసిరితే బరువు తెలియాలి. మాధవి సంవాదంతో సహా ఆడుతున్నాం."

కొనుక్కుని తీసుకెళ్లింది. కుప్పెలు ఆమె భర్త కుట్టాడు. ఆమె అతన్ని పేరు పెట్టి పిలుస్తుంది, రోజంతా, వంటింట్లోంచి కూడా. మరి మొగుడి పేరు చెప్పలేని సిగ్గును ఆమె ఎలా ఆడాలి? సాధనలో ఆ చోటే ఆగిపోయేది. శిష్యురాళ్లు, పేరు చెబితే ఏమవుతుంది మేడమ్ అని అడిగేవారు. ఆ కట్టుబాటు ఉండేదని చెప్పి, ఘట్టాన్ని మాత్రం వదలలేదు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి దారి దొరికింది. మాధవి పేరు అడగ్గానే తల దించలేదు. మెడ తిప్పి, నన్ను భుజం మీదుగా ముందుకు లాక్కుని, పెదవి బిగించింది.

తాళం వేస్తున్న పెద్ద మాస్టారు చెయ్యి ఆపేశారు. "సిగ్గేదమ్మా?"

"సిగ్గు కాదు మాస్టారూ, కోపం. అలిగి వదిలేసి వెళ్లిన మనిషి పేరు చెప్పమంటే నోరు ఎలా వస్తుందండీ?"

"సంప్రదాయంలో అది లేదు."

"సాహిత్యంలో ఒక్క అక్షరం మార్చలేదండీ."

భోజనాల వేళ దాకా వాదించుకున్నారు. ఆయన ఒప్పుకోలేదు, ఆమె మార్చుకోలేదు. వచ్చే ఆటకు నట్టువాంగం మాత్రం ఆయనే చేస్తున్నారు.