వంగితే టికెట్టు, నిక్కితే రైడు

సిద్దిపేటలో ఓ కుటుంబం దసరా సెలవులకు రెండు రోజుల టూరు ఖాయం చేసింది. ఒకనాడు రామోజీ ఫిల్మ్‌సిటీ, మర్నాడు వండర్‌లా.

ప్లానింగుకు వాట్సాప్ గ్రూపు పెట్టారు. సభ్యులంతా ఒకే ఇంట్లో ఉంటారు.

ఫిల్మ్‌సిటీ 1,666 ఎకరాలు. గిన్నిస్ బుక్కులోకెక్కిన స్టూడియో. సాయంత్రంలోగా చుట్టేయాలని బాపు తీర్మానం. మధ్యాహ్నం కునుకు కూడా అందులోనే.

వండర్‌లాలో 140 సెంటీమీటర్లు దాటితే పెద్దల టికెట్టు. దాటకపోతే పెద్ద రైడ్లు ఎక్కనివ్వరు. చిన్నోడికి వారంగా శిక్షణ నడుస్తోంది: కౌంటరు దగ్గర వంగాలి, రైడు దగ్గర నిక్కాలి.

నీళ్లలో దిగాలంటే నైలాన్ బట్టలే. నాయనమ్మ గొల్లభామ చీర తీసి పెట్టుకుంది. దానికి జీఐ గుర్తింపు ఉంది, వేవ్‌పూల్‌లో ప్రవేశమే లేదు.

సిద్దిపేటకు రైలొచ్చింది 2023 అక్టోబరులో. ఇంట్లో ఒక్కరూ ఇంకా ఎక్కలేదు. ఫిల్మ్‌సిటీలోని సెట్టింగు రైల్వేస్టేషన్లో మాత్రం సూట్‌కేసు పట్టుకుని ఫొటో దిగాలట. సూట్‌కేసు కొత్తది కొన్నారు.

సకినాలు రెండు డబ్బాలు. బయటి తిండి గేటు దాటదని తెలుసు. అందుకే చీరల మడతల్లో సర్దారు.

రాత్రి బస హయత్‌నగర్‌లో మేనమామ ఇంట్లో. ఆ సంగతి మేనమామకు తప్ప అందరికీ తెలుసు.

నిన్న ఆయనే ఫోన్ చేశాడు.

"బావా, దసరాకు రెండ్రోజులు మీ ఇంటికే వస్తున్నం. పిల్లలు కోమటిచెరువు తీగల వంతెన చూస్తరంట!"